మన పేర్లు తెగిపోకుండుటకు – 'సి' భాషలో తెలుగు అక్షరముల నడక

(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మమ్ము నాలుగు మాటలు చెప్పుమని సంఘమువారు కోరినపుడు, ఏ విషయమును గూర్చి ముచ్చటింతుమా యని కొంత తడవు ఆలోచించితిమి. భాషాభిమానమును గూర్చి ఈ వేదికమీద మాకంటె పెద్దలు, మాకంటె బాగుగా మాటలాడియున్నారు. మేము కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసి జీవించువారము. కావున మా పనిముట్లకు సంబంధించిన విషయమునే యెన్నుకొంటిమి. 'సి' అను ప్రోగ్రాము భాషలో ఒక తెలుగు మాటను మొదటి అక్షరము మొదలు చివరి అక్షరము వరకు ఒక్కొక్కటిగా, ఏదియు చెడకుండ చదువుట యెట్లు? ఇదియే నేటి ప్రసంగ విషయము.

వినుటకిది చిన్న ప్రశ్న. ఒకటవ తరగతి పిల్లవాడు పుస్తకముమీద వ్రేలు పెట్టి చదువునట్టి పని. కాని ఆ వ్రేలు ఎచ్చట ఆనవలెనో, ఒక్కొక్క పర్యాయము ఎంత దూరము జరుగవలెనో కంప్యూటరునకు మనము చెప్పవలసియున్నది. ఆ చెప్పుటలో పొరపాటు జరిగినయెడల ఏమగునో మా అనుభవమునే ముందుగా మనవి చేసికొందుము.

మన వారపత్రికను సభ్యుల యిండ్లకు పంపుటకు చిరునామా చీటీలు కావలసివచ్చెను. వానిని అచ్చువేయు ప్రోగ్రామును మేమే 'సి' భాషలో వ్రాసి యిచ్చితిమి. తప్పు మాదే గనుక మరియొకరిని నిందింప పనిలేదు. ప్రతి పేరునకును 32 బైటుల చోటు కేటాయించితిమి. 'సి' భాషలో ప్రతి మాట చివరను సున్న యొకటి యుండి తీరవలెను గనుక పేరునకు నిజముగా మిగులునవి 31 బైటులు. అంతకు మించినదానిని కత్తిరించి వేయుమని ప్రోగ్రామునకు చెప్పితిమి. ఇంగ్లీషున 31 అక్షరములు దాటిన పేరు మన సంఘమున ఎవరికిని లేదు. ఇక చింత యేమని తలచితిమి.

చీటీలు అచ్చయి వచ్చినవి. 'వేంకటేశ్వరరావు' గారి చీటీమీద 'వేంకటేశ్వర' అని మాత్రమే పడి, దాని ప్రక్కను నల్లని వజ్రపు ఆకారములో ఒక ప్రశ్నార్థక చిహ్నము నిలిచియుండెను. 'సుబ్రహ్మణ్యం' గారు 'సుబ్రహ్మణ్' అయిరి; వారి ప్రక్కను అదే నల్ల గుర్తు. పెద్దలొకరు చీటీని చేతబట్టుకొని మా యింటికి వచ్చిరి. కోపగించుకొనలేదు. "నాయనా! ఈ యూరి కార్యాలయాల్లో నా పేరు తెలుగున వ్రాసేవారు లేరు. తెలుగున వ్రాసేది మన సంఘం ఒక్కటే. అదీ సగమే వ్రాస్తే ఎట్లా?" అని మాత్రము అడిగిరి. ఆ మాటకు మావద్ద సమాధానము లేకపోయెను. ఆ సమాధానమునే నేడు మీ ముందు ఉంచుచున్నాము.

బైటు అనగా 0 మొదలు 255 వరకు ఏదేని యొక సంఖ్యను దాచగల చిన్న గది. కంప్యూటరునకు అక్షరములు తెలియవు, సంఖ్యలే తెలియును. ఏ అక్షరమునకు ఏ సంఖ్య యని మనుష్యులు ఒడంబడిక చేసికొనవలెను. అమెరికావారు 1963లో 'ఆస్కీ' అను నొడంబడిక చేసికొనిరి. అందు 128 గుర్తులు మాత్రమే యుండును. ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, విరామ చిహ్నములు అందులో చక్కగా ఇమిడినవి. 1972 ప్రాంతమున బెల్ ప్రయోగశాలలలో డెన్నిస్ రిచీ 'సి' భాషను రూపొందించునాటికి ఒక బైటు అన్నను, ఒక అక్షరము అన్నను ఒకటే యనునది వాడుక. అందుచేతనే ఆ భాషలో బైటునకు పెట్టిన పేరు 'చార్' – అనగా అక్షరము. ఈ పేరే మన చిక్కులకు మొదటి కారణము. పేరు అక్షరము, వస్తువు బైటు.

'సి' భాషలో మాటను 'స్ట్రింగు' అందురు, అనగా దండ. బైటులు వరుసగా గ్రుచ్చబడియుండును. దండ ఎంత పొడవో ఎక్కడను వ్రాసియుండదు. సున్న విలువగల బైటు వచ్చుచోట దండ ముగియును. మొదటి బైటును చూపు వ్రేలివంటిదానిని 'పాయింటరు' అందురు. దానికి ఒకటి కలిపిన తరువాతి బైటునకు జరుగును. ఇంగ్లీషు మాటయందు తరువాతి బైటే తరువాతి అక్షరము గనుక యాబది యేండ్లుగా ఈ నడక సాగుచున్నది. తెలుగు మాటయందు ఆ వ్రేలు అక్షరము నడుమ ఆగును.

ఎందువలననగా, 128 గుర్తులలో మన అక్షరములకు తావు లేదు. మన దేశమున 1991లో 'ఇస్కీ' అను ప్రమాణము వెలువడినది. అందు భారతీయ లిపుల గుర్తులకు 128కి పైబడిన సంఖ్యలను ఒక్కొక్క బైటుగా ఇచ్చిరి. దాని విశేషమేమనగా, 'క' అను అక్షరము తెలుగైనను, కన్నడమైనను, ఒడియాయైనను సంఖ్య ఒక్కటే. ఏ లిపిలో చదువవలెనో తెలుపు గుర్తు ముందెచ్చటనో ఒకచోట ఉండును. ఆ గుర్తును చూడకుండ నడుమనుండి చదువ మొదలిడిన ప్రోగ్రామునకు ఇది తెలుగు పేరో, కన్నడ పేరో తెలియు మార్గము లేదు. వెనుక జరిగినదానిని గుర్తుంచుకొనిననే ముందున్నదానిని చదువగలుగుట యను ఈ అవస్థను 'స్థితి' అందురు. ఈ మాటతో కొంతసేపటికి మరల పని పడును.

అదే 1991లో 'యూనికోడ్' మొదటి సంపుటము వెలువడినది. ప్రపంచమునందలి ప్రతి లిపికిని వేరువేరు సంఖ్యలుండవలెనని దాని సంకల్పము. అందు తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 సంఖ్యల స్థలము కలదు. 'త' 3108వ సంఖ్య. ఇంత పెద్ద సంఖ్య యొక బైటున పట్టదు. దానిని బైటులుగా విడదీయు పద్ధతులు కొన్ని యుండగా, 1992 సెప్టెంబరు నెలలో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అను నిరువురు న్యూజెర్సీలోని యొక భోజనశాలలో, బల్లమీద పరచిన కాగితముపై ఒక పద్ధతిని రూపొందించిరి. అదియే నేడు లోకమంతట వ్యాపించిన 'యూటీఎఫ్-8'. 

దాని యేర్పాటు మిక్కిలి తెలివైనది. 0 మొదలు 127 వరకు గల బైటు పాత ఇంగ్లీషు గుర్తే. దానికి తోడు అక్కరలేదు. 194 మొదలు 223 వరకు గల బైటు కనబడిన, రెండు బైటుల గుర్తునకది తల. 224 మొదలు 239 వరకైన మూడు బైటుల గుర్తునకు తల. 240 మొదలు 244 వరకైన నాలుగు బైటుల గుర్తునకు తల. 128 మొదలు 191 వరకు గలవన్నియు తోకలు. అవి యెన్నడును తలలు కావు. మిగిలిన సంఖ్యలు సరియైన వ్రాతయందు కనబడనే కనబడవు. కావున దండలో ఎచ్చట వ్రేలు పెట్టినను, అది తోకమీద పడినదా తలమీద పడినదా వెంటనే తెలియును. తోకమీద పడిన, తల కనబడువరకు వెనుకకు జరిగిన చాలును. పూర్వపు జపాను పద్ధతియైన 'షిఫ్ట్-జిస్'లో ఈ సౌకర్యము లేదు. అందు కొన్ని అక్షరముల రెండవ బైటు 92 అగును. 'సి' భాషలో 92 అనగా వెనుకకు వాలిన గీత. దానికి ప్రత్యేకార్థము కలదు. ఆ దేశపు ప్రోగ్రామరులు దీనివలన పడిన యిబ్బందులు ఇన్నన్ని కావు.

ఇచ్చట మన సభ్యులకు ఆసక్తి కలిగించు నొక ముచ్చట మనవి చేయుదుము. తెలుగు గుర్తులన్నియు మూడేసి బైటులవే. అన్నిటికిని తల 224. రెండవ బైటు 176 గాని 177 గాని అగును. షోలాపురములోని మనవారు ప్రక్కయింటివారితో మాటలాడు మరాఠీ వ్రాయబడు దేవనాగరికి కూడ తల 224యే. రెండవ బైటు 164 లేక 165. బరంపురమున ప్రక్కయింటి ఒడియాకు 172 లేక 173. హోసూరున ప్రక్కయింటి తమిళమునకు 174 లేక 175. బళ్ళారిలో ప్రక్కయింటి కన్నడమునకు 178 లేక 179. అందరికిని తల యొక్కటే. రెండవ గదిలో మాత్రము తేడా. తమిళమునకును కన్నడమునకును నడుమ తెలుగు కూర్చుండియున్నది. మన జీవితములవలెనే యున్నదని మాకు తోచినది.

ఇప్పుడు అసలు లెక్కకు వత్తము. 'తెలుగు' అను మాటను వ్రాసి, ఎంత పొడవని 'ఎస్-టి-ఆర్-లెన్' అను ఫంక్షనును అడిగిన 18 అని చెప్పును. మనకు కనబడునవి మూడక్షరములు. 18 ఎట్లు వచ్చినది? త, ఎత్వము, ల, కొమ్ము, గ, కొమ్ము – ఇవి ఆరు గుర్తులు. ఒక్కొక్కటి మూడు బైటులు. గుణింతము నేర్చినవారికి ఇది వింత కాదు. బడిలో 'తకు ఎత్వమిస్తే తె' యని వల్లించినదానినే యూనికోడ్ వ్రాసి పెట్టినది.

ఇక 'స్త్రీ' అను మాటను తీసికొనుడు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము – ఇవియు ఆరు గుర్తులే, బైటులు 18. కాని అక్షర మొక్కటే! ఛందస్సు తెలిసిన పెద్దలను అడిగిన అదొక్క గురువని చెప్పుదురు. కావున తెలుగు మాటకు మూడు కొలతలు కలవు: బైటుల కొలత, గుర్తుల కొలత, అక్షరముల కొలత. 'తెలుగు' 18, 6, 3. 'స్త్రీ' 18, 6, 1. మొదటి రెండు కొలతలు సమానమైనను మూడవది సమానము కాలేదు. ఎన్ని బైటులని తెలిసినంత మాత్రమున ఎన్ని అక్షరములో తెలియదని దీనివలన తేలుచున్నది. పద్యపాదమున రెండవ అక్షరమైన ప్రాసను వెదకు ప్రోగ్రాము రెండవ బైటును చూచిన, దానికి ఎల్లప్పుడు 176 గాని 177 గాని దొరకును. లోకములోని పద్యములన్నిటికిని ప్రాస కుదిరినదని సంతసించును!

ఇంతకు మా చీటీలకు జరిగినదేమి? 'వేంకటేశ్వరరావు' అందు గుర్తులు 14, బైటులు 42. మేము 31వ బైటు వద్ద కత్తి వేసితిమి. పది గుర్తులకు 30 బైటులు పోగా, తరువాతి 'ర' యొక్క తల, అనగా 224, ఒంటరిగా మిగిలినది. దానికి తోకలు లేవు. తెరకు అది యేమియో తెలియక నల్ల గుర్తును వేసినది.

దీనికి 'సి' భాషయందే మందు కలదు. ఒక గుర్తునకు పెక్కు బైటులుండుటను ఆ భాషవారు ఎరుగుదురు. 1989 ప్రమాణమునందే 'ఎం-బి-టు-డబ్ల్యు-సి' అను ఫంక్షను కలదు. బైటులను చదివి ఒక గుర్తును ఇచ్చును. కాని వెనుక చెప్పిన 'స్థితి'ని అది తన కడుపులోనే దాచుకొనును. ఇద్దరు ఒకే పుస్తకమును ఒకే ఆనవాలుతో చదువబోయినట్లు, రెండు దండలను కలిపి చదువునప్పుడు ఒకదాని స్థితి మరియొకదానితో కలియును. అందుచేత 1995లో చేసిన సవరణలో 'ఎం-బి-ఆర్-టు-డబ్ల్యు-సి' అను క్రొత్త ఫంక్షనును చేర్చిరి. ఇందు స్థితిని మనమే వేరుగా ఉంచి, దాని చేతికి అందింతుము.

దానిని వాడు విధము ఇట్టిది. ముందుగా ప్రోగ్రాము ఆరంభమునందే 'సెట్‌లొకేల్' అను ఫంక్షనును పిలిచి, కంప్యూటరు యజమాని యెంచుకొన్న భాషా పద్ధతిని తీసికొమ్మని చెప్పవలెను. ప్రతి 'సి' ప్రోగ్రామును మొట్టమొదట పాత ఇంగ్లీషు పద్ధతియందే కన్ను తెరచును. ఈ యొక్క పంక్తిని మరచినయెడల తక్కినది యెంత బాగుగా వ్రాసినను తెలుగు బైటులను అది గుర్తింపజాలదు. పిదప స్థితిని సున్నగా చేయవలెను. పాయింటరును దండ మొదట నిలిపి, ఆ ఫంక్షనునకు పాయింటరును, ఇంకను ఎన్ని బైటులు మిగిలియున్నవో ఆ లెక్కను, స్థితిని ఇవ్వవలెను. అది ఒక గుర్తును చదివి, తాను ఎన్ని బైటులు తీసికొన్నదో చెప్పును. తెలుగు గుర్తైన 3, ఇంగ్లీషు అక్షరమైన 1. పాయింటరును అంత దూరమే జరుపవలెను; ఒకటి కాదు. సున్న యని చెప్పిన, దండ ముగిసినదని అర్థము. ఇట్లు చుట్టు చుట్టుగా చేయుటయే నడక.

కాని ఆ ఫంక్షను చెప్పు జవాబులు మరి రెండు కలవు. వానిని చూడనివారే ఎక్కువగా దెబ్బతిందురు. మొదటిది 'ఋణము ఒకటి'. దాని అర్థము, ఈ బైటులు ఏ గుర్తును కావు, ఎక్కడనో చెడినవని. రెండవది 'ఋణము రెండు'. ఇంతవరకు ఉన్నది సరియే, కాని గుర్తు పూర్తి కాలేదని దాని అర్థము. ఈ జవాబులు ఋణ సంఖ్యలు నిలువని పెట్టెలో వచ్చును గనుక, చూచుటకు మిక్కిలి పెద్ద ధన సంఖ్యలుగా కనబడును. వానిని పరీక్షింపకయే పాయింటరునకు కలిపిన, ముందునకు సాగవలసిన వ్రేలు ఎచ్చటికి పోవునో చెప్పజాలము. ప్రోగ్రాము కూలుటయో, అంతు లేక తిరుగుటయో జరుగును.

ఈ రెండు జవాబులకును చేయవలసినది వేరు వేరు. 'ఋణము రెండు' వచ్చిన, అది తప్పు కాదు. ఓపిక పట్టవలసిన సమయము. ఒక పెద్ద ఫైలును 4096 బైటుల ముక్కలుగా చదువుట ప్రోగ్రామరుల వాడుక. తెలుగు గుర్తులు మూడేసి బైటులు గదా! 4096లో 1365 గుర్తులు పోగా ఒక బైటు మిగులును. ఎడములేని తెలుగు వ్రాతను అట్లు చదివిన ఆ ముక్క చివరను తల యొక్కటి మిగిలియుండును. ఆ తలను ఫంక్షను స్థితిలో గుర్తుంచుకొనును. తరువాతి ముక్కను అందించిన, తోకలను కలుపుకొని గుర్తును పూర్తి చేయును. తొందరపడి దానిని పారవేసిన పేరు తెగును. 'ఋణము ఒకటి' వచ్చిన మాత్రము వ్రాత నిజముగా చెడినది. అప్పుడు స్థితిని మరల సున్న చేసి, ఒక బైటు దాటి, ఆ స్థానమున నల్ల గుర్తును వేసి, తప్పు జరిగినదని ఎచ్చటనైన వ్రాసి ఉంచవలెను. మౌనముగా మ్రింగివేయుట మంచిది కాదు. ఆ తెగినది ఎవరి పేరో మనకు తెలియదు.

మరియొక గోతిని కూడ చూపవలసియున్నది. మన బల్లలమీది కంప్యూటరులు పెక్కింటిలో 'చార్' అనునది −128 మొదలు 127 వరకు గల సంఖ్యగా చూడబడును. కావున తెలుగు తలయైన 224 అందు −32 అగును. "ఇది 127 కంటె పెద్దదా?" యని అడిగిన "కాదు" అనును. బైటులను స్వయముగా పరీక్షింపదలచినవారు 'అన్‌సైన్డ్ చార్' అను రకమునే వాడవలెను. ఈ యొక్క మాట మరచి మేము రెండు దినములు పోగొట్టుకొంటిమి.

మేము ఈ పద్ధతినంతయు అవలంబించి ప్రోగ్రామును తిరుగవ్రాసితిమి. కత్తి ఇక గుర్తు నడుమ పడదు. నల్ల గుర్తులు పోయినవి. సంతోషముతో చీటీలు తీసి చూతుము గదా, సుబ్రహ్మణ్యం గారు ఇంకను 'సుబ్రహ్మణ్' గానే యున్నారు!

లెక్క చూచితిమి. ఆ పేరున 12 గుర్తులు, 36 బైటులు కలవు. 31లో పది గుర్తులు పట్టును. పదవ గుర్తు 'ణ' క్రింది పొల్లు. గుర్తు తెగలేదు, నిజమే. కాని అక్షరము తెగినది. 'ణ్యం' అనునది మనకొక్క అక్షరము. దానిని నడుమ కోసిన మిగులునది తెలుగువాడెవడును పలుకని పేరు. బైటుమీదినుండి గుర్తుమీదికి ఎక్కుట చాలదు; గుర్తుమీదినుండి అక్షరముమీదికి కూడ ఎక్కవలెను. 'సి' ప్రమాణపు ఫంక్షనులు రెండవ మెట్టువరకే చేర్చును. మూడవ మెట్టు మనమే కట్టుకొనవలెను.

ఆ మెట్టునకు సూత్రములు కష్టమైనవి కావు. అక్షరాభ్యాసమైన ప్రతివారికిని తెలిసినవే. అచ్చు వచ్చిన క్రొత్త అక్షరము. హల్లు వచ్చిన క్రొత్త అక్షరము. కాని దాని ముందు పొల్లు ఉన్నయెడల అది ఒత్తు, వెనుకటి అక్షరములోనిదే. గుణింతపు గుర్తులు, సున్న, విసర్గ, పొల్లు – ఇవి యెప్పుడును వెనుకటిదానికే చేరును. పొల్లు తరువాత ఒత్తు కట్టకూడదని తెలుపు కనబడని విడదీత గుర్తు యొకటి కలదు. 'సాఫ్ట్‌వేర్' వంటి మాటలను వ్రాయునప్పుడు అది పడును. అది వచ్చిన వెనుకటిదానికి చేరును గాని, దాని తరువాతి హల్లు క్రొత్త అక్షరమగును. ఈ సూత్రములతో నడిచిన 'సుబ్రహ్మణ్యం' సు, బ్ర, హ్మ, ణ్యం అని నాలుగడుగులలో పూర్తియగును.

ఈ విషయమున యూనికోడ్ సంస్థవారు సైతము ఆలస్యముగా మేలుకొనిరి. అక్షరముల సరిహద్దులను నిర్ణయించు వారి సూత్రములందు పొల్లు తరువాత తెగుట యుండెను. ఆ లెక్కన 'స్త్రీ' మూడు ముక్కలగును. 2023లో వెలువడిన 15.1 సంపుటమున తెలుగు, ఒడియా, దేవనాగరి మొదలైన కొన్ని లిపులకు ఆ తెగుటను తొలగించి, ఒత్తుతో కూడిన అక్షరమును ఒకటిగా నిలిపిరి. స్వయముగా సూత్రములు వ్రాయనొల్లనివారు 'ఐ.సి.యు.' అను గ్రంథాలయమును 'సి' ప్రోగ్రామున చేర్చుకొనవచ్చును; అందు సరిహద్దులను చూపు ఏర్పాటు సిద్ధముగా కలదు.

అక్షరమును తక్కువగా చూచిన ఫలితమునకు లోకమెరిగిన నిదర్శనమొకటి కలదు. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థవారి ఐఫోనులకు ఒక్క తెలుగు అక్షరము పంపిన చాలును, సందేశముల ప్రోగ్రాము కూలెడిది. జ, పొల్లు, ఞ, కనబడని విడదీత గుర్తు, దీర్ఘము – ఈ అయిదు గుర్తుల కూర్పు అది. 15 బైటులు మాత్రమే! తప్పు బైటుల నడకలో గాక, అక్షరమును కూర్చి తెరపై చూపు భాగమున ఉండెను. ఆ నెల 19వ తేదీన ఆ సంస్థవారు సవరించిరి. అప్పుడు పత్రికలు "తెలుగు అక్షరము ఫోనులను చంపుచున్నది" అను ధోరణిలో వ్రాసినవి. అక్షరము చేసిన నేరమేమి? ఆ కూర్పు వచ్చునని ఊహింపని ప్రోగ్రాముది నేరము.

మరియొక చిన్న హెచ్చరికతో ఈ భాగమును ముగింతుము. 'వై' అను అక్షరమును రెండు విధముల దాచవచ్చును: వ, ఐత్వము అని రెండు గుర్తులుగా; లేక వ, ఎత్వము, దాని క్రింది ఐత్వపు చిహ్నము అని మూడు గుర్తులుగా. మొదటిది 6 బైటులు, రెండవది 9. కంటికి రెండును ఒక్కటే. కాని బైటులను పోల్చు ప్రోగ్రామునకు 'వైదేహి' ఇద్దరగుదురు. పట్టికలో పేరు వెదకుటకు ముందు రెండింటిని ఒక్క రూపమునకు తెచ్చుకొనవలెను. లేనియెడల ఉన్న సభ్యురాలిని లేదని చెప్పుదుము.

సోదరులారా! ప్రోగ్రాములు వ్రాయుచున్న, నేర్చుకొనుచున్న మన పిల్లలకు మేము చేయు మనవి ఇది. తెలుగు మాటను చదువబోవుటకు ముందు "నేను లెక్కించునది బైటా, గుర్తా, అక్షరమా?" యని ప్రశ్నించుకొనుడు. చోటు కేటాయించునప్పుడు బైటులు లెక్కింపుడు. ప్రమాణమును అనుసరించి చదువునప్పుడు గుర్తులు లెక్కింపుడు. మనుష్యునకు చూపునప్పుడు, కత్తిరించునప్పుడు, చెరపునప్పుడు అక్షరములు లెక్కింపుడు. మీరు పనిచేయు చోట్ల ప్రక్క కుర్చీలోనివారికి తెలుగు చదువ రాకపోవచ్చును. వారు వ్రాసిన ప్రోగ్రామున 'సుబ్రహ్మణ్యం' అని యొకసారి వేసి చూపుడు. కోపముతో గాదు, పరీక్షగా. తెగినయెడల ఎక్కడ తెగినదో మీరు చెప్పగలరు. మీరు సరిచేసినది తెలుగున కొక్కదానికే గాక తమిళమునకు, కన్నడమునకు, ఒడియాకు, మరాఠీకి కూడ ఉపకరించును. అందరికిని తల 224యే యని చెప్పియుంటిమి గదా!

మా చీటీల కథ యెట్లు ముగిసినదని మీరు అడుగవచ్చును. అక్షరపు సరిహద్దున కత్తిరించు ప్రోగ్రాము సిద్ధమైనది. దానితో ఆయన పేరు 'సుబ్రహ్మ' అని చక్కగా, ఏ గుర్తును చెడకుండ వచ్చినది. అయినను అది ఆయన పేరు కాదు. అప్పుడు గాని మాకు బోధపడలేదు: కత్తిని పదును పెట్టుటలో మునిగి, కత్తి యెందుకని అడుగనే లేదు. పేరు కత్తిరింపదగిన వస్తువు కాదు. 32 బైటుల చోటును 128 చేసితిమి. అందు 42 తెలుగు గుర్తులు పట్టును. అంతకును మించిన పేరు వచ్చిన, కత్తిరింపక ఆగి మాకు తెలుపుమని ప్రోగ్రామునకు చెప్పితిమి.

మరుసటి వారము ఆ పెద్దల యింటికి పత్రిక చేరినది. చీటీమీద వారి పేరు పూర్తిగా ఉండెను. వారు దానిని చింపి పారవేయక, ఊడదీసి, తమ పుస్తకము అట్ట లోపల అంటించుకొన్నారని పిదప తెలిసినది. మా వృత్తిలో మేము పొందిన బహుమానములలో దానికి సాటి వేరొకటి లేదు.